పెంటపాడు మీద రెండు చుట్లు

జట్కా ఇంకా ఆగనే లేదు, రాజ్యం కిందికి దూకేసింది. తాడేపల్లిగూడెం నుంచి పెంటపాడు దాకా ఆమె మెడ బయటికి పెట్టి ఆకాశం వంకే చూస్తూ వచ్చింది. బండివాడు రెండుసార్లు అడిగాడు కూడా, "ఏంటమ్మా, వానొచ్చేలా ఉందా?" అని. మార్గశిర మాసం. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

నాలుగు రోజుల కిందట విశాఖపట్నం నుంచి తమ్ముడు నిత్యానందం ఉత్తరం రాశాడు. "అక్కా, గురువారం మా పార్కర్ దొరా నేనూ విమానం తీసుకుని మద్రాసు వెళ్తున్నాం. సముద్రం ఒడ్డమ్మటే పోవాలని ఆర్డరు. అయినా నువ్వు అన్నిసార్లు రాశావుగా, ఒక్కసారి మన ఇంటి మీదుగా రమ్మని! దొరతో చెప్తే నవ్వి సరేనన్నాడు. పది గంటలకి మన కళ్లంలో నిలబడు. ఎర్రచీర కట్టుకో, పైనుంచి కనిపిస్తావు. ఈ సంగతి ఎవరికీ చెప్పకు."

వాళ్లమ్మ పోయేనాటికి నిత్యానందానికి నాలుగేళ్లు, రాజ్యానికి పన్నెండు. అన్నం కలిపి పెట్టిందీ, పలక పట్టించిందీ, కాలవలో ఈత నేర్పించిందీ ఆమే. వాడు ఏలూరులో చదువుకుని, వైర్‌లెస్ పని నేర్చుకుని, చివరికి విమానాల్లో చేరాడు. రెండు రెక్కలూ రెండు సీట్లూ ఉన్న బాంబు విమానం. ముందు సీట్లో దొర నడుపుతాడు, వెనక సీట్లో వీడు వైర్‌లెస్సూ మరతుపాకీ చూసుకుంటాడు. యుద్ధం మొదలై మూడు నెలలైంది. రోజూ వాళ్లకి ఒకటే ప్రాక్టీసట: ఎత్తుకి పోవడం, గద్ద కోడిపిల్ల మీదికి దిగినట్టు నిట్టనిలువునా దూకడం, బాంబు వదలడం, మళ్లీ పైకి లేవడం.

ఎవరికీ చెప్పకు అన్నా, రాజ్యం నాన్నకి మాత్రం చెప్పింది. నాన్న జగ్గారావు గారు ఎవరికి చెప్పారో గానీ, ఆమె కళ్లంలోకి వచ్చేసరికి ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. కోతకొచ్చిన వాళ్లు కొడవళ్లు చంకన పెట్టుకుని నిలబడ్డారు. జగ్గారావు గారు తెల్లపంచె కట్టుకుని, కుప్ప పక్కన పెళ్లివారి కోసం ఎదురు చూస్తున్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నారు.

పది దాటి పావుగంటకి తూర్పు నుంచి మోత వినిపించింది. ముందు ఈగ, తరవాత తుమ్మెద, ఆ తరవాత చెవులు మూసుకునేంత మోత. విమానం ఊరి మీద ఒక పెద్ద చుట్టు తిరిగి, పైపైకి పోయి, ఒక్క క్షణం ఆగినట్టు కనిపించి, ముక్కు కిందికి వేసి దూకింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. గడ్డికుప్ప మీద పరకలు లేచాయి. అది కొబ్బరిచెట్ల తలల మీదుగా మళ్లీ పైకి లేచినప్పుడు వెనక సీట్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగింది. తోలుటోపీ పెట్టుకున్న ఆ తల తమ్ముడిదే. రాజ్యం కొంగు తీసి గాలిలో తిప్పింది. ఏం అరిచిందో ఆమెకే తెలీదు.

"మా వాడేనండీ! ఆ వెనకాల కూర్చున్నాడే, మా వాడేనండీ!" అంటున్నారు జగ్గారావు గారు, కనబడ్డ వాళ్లందరితో.

రెండో చుట్టు తిరిగి మళ్లీ దూకింది. ఈసారి పైకి లేస్తుంటే మోత మారింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు గనక ఎవరూ పట్టించుకోలేదు. రాజ్యం మాత్రం కొంగు తిప్పడం ఆపి వింది, మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది. తోక వెనక సన్నగా నల్లటి పొగ సాగింది. విమానం తూలి, సర్దుకుని, సముద్రం ఉన్న దక్షిణానికి పోకుండా పడమటికి, ఏలూరు వైపు తిరిగింది. చెట్ల వెనక కనుమరుగయ్యేదాకా అది మళ్లీ ఎత్తుకి లేవలేదు.

సాయంత్రం గూడెంలో ఇంటికి తిరిగొచ్చాక ఆమె మొగుడు కొండలరావుకి అన్నం పెట్టింది. అతను రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. పదేళ్లుగా ఆ ఇంజనుతో ఉన్నవాడు, దాని చప్పుడు వింటూనే ఒంట్లో ఎలా ఉందో చెప్పగలడు.

"ఏవండీ, మీ ఇంజను ఎప్పుడైనా దగ్గుతుందా?"

"ఇంజను దగ్గడమేంటి?"

రాజ్యం పీట మీద వేళ్లతో కొట్టి చూపించింది. నాలుగు దెబ్బలు వరసగా, ఒకటి ఖాళీ, మళ్లీ నాలుగు దెబ్బలు, ఒకటి ఖాళీ. కొండలరావు ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

"విమానం అలా కొట్టిందా?"

"రెండోసారి లేచాక అలాగే కొట్టిందండి. పొగ కూడా వచ్చింది."

"ఒక సిలిండరు పలకట్లేదన్నమాట. మిల్లులో అయితే బెల్టు తీసేసి ఆపేస్తాం. ఆకాశంలో ఏం చేస్తారో నాకేం తెలుసు?" అని, ఆమె మొహం చూసి, "ఎక్కడో దింపుకుని ఉంటార్లే. దొరలకి అన్నీ తెలుస్తాయి" అన్నాడు. ముద్ద మాత్రం నోట్లో పెట్టుకోలేదు.

శుక్రవారం అంతా రాజ్యం పోస్టాఫీసుకీ ఇంటికీ తిరిగింది. మద్రాసు చేరినట్టు ఒక కార్డు ముక్కయినా వెంటనే రాదని తెలుసు. అయినా నాలుగుసార్లు వెళ్లింది. పోస్టుమాస్టరు చివరికి తలెత్తకుండానే "లేదమ్మా" అనడం మొదలుపెట్టాడు.

శనివారం మధ్యాహ్నం పెంటపాడు నుంచి పాలేరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. టెలిగ్రాం వచ్చింది, రమ్మంటున్నారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లారు. విమానం మద్రాసు చేరలేదనీ, చివరిసారి కాకినాడ దగ్గర ఒడ్డమ్మట పోతుండగా చూశారనీ, అంతర్వేది నుంచి బందరు దాకా సముద్రం మీద వెతుకుతున్నారనీ అందులో ఉంది. స్కూలు మేష్టారు రెండుసార్లు చదివి అర్థం చెప్పి, కాయితం మడిచి ఇచ్చి, చెప్పులు వేసుకుని మెల్లగా వెళ్లిపోయారు.

"సముద్రమేంటి నాన్నగారూ? ఇక్కడికొచ్చారు కదా! మనమంతా చూశాం కదా! వెంటనే చెప్పాలి" అంది రాజ్యం.

జగ్గారావు గారు వీధి తలుపు మూసి వచ్చారు.

"ఎవరికి చెప్తావు? ఏమని చెప్తావు? ఆర్డరు కాదని అక్క చీర చూడ్డానికి వచ్చారని చెప్తావా? యుద్ధం రోజులు. వాడు బతికి ఉంటే జైల్లో పెడతారు. దొర పోయి వాడొక్కడూ బతికాడంటే ఏం చేస్తారో తెలుసా నీకు? మనం ఊరుకుంటే వాడు ఆర్డరు ప్రకారం పోయినవాడే. ఊళ్లో అందరికీ చెప్పేశాను. విమానం రాలేదు, ఎవరూ చూళ్లేదు."

"లేని చోట వెతుకుతున్నారు నాన్నగారూ! దెబ్బ తగిలి ఎక్కడైనా పడున్నాడేమో."

"రెక్కలున్న బండి దగ్గర ఎక్కడైనా పడితే ఈపాటికి కబురు రాదా?" ఆయన తలుపు గడియ మళ్లీ బిగించారు. "నా మాట కాదని నోరెత్తావంటే నువ్వు నా కూతురివి కాదు."

ఆదివారం రాజ్యం ఇంట్లో ఉండలేకపోయింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. స్టేషను దాకా వెళ్లి ప్యాసింజరు వచ్చి వెళ్లడం చూసింది. తిరిగొచ్చి బియ్యం పొయ్యి మీద పెట్టి, ఎసరు పోయడం మరిచిపోయింది. మాడు వాసనకి కొండలరావు లోపలికి వచ్చాడు. గిన్నె దింపి, పొయ్యి ఆర్పి, ఆమె పక్కన కింద కూర్చున్నాడు.

"ఒక సిలిండరు పలక్కపోయినా ఇంజను వెంటనే ఆగదు రాజ్యం. నేను ఆలోచిస్తూనే ఉన్నాను. పావుగంట నడుస్తుంది, బతిమాలుకుంటే ఇంకో అయిదు నిమిషాలు. ఆ పావుగంటలో విమానం ముప్పై మైళ్లు పోదా?"

"ఏలూరు వైపు ముప్పై మైళ్లంటే?"

"ఏలూరైనా అవ్వాలి. కాస్త కిందికి జరిగితే కొల్లేరైనా అవ్వాలి."

అతను లేచి, "పొద్దున్న బండికి పోదాం. మిల్లులో నేను చెప్పుకుంటాను. మీ నాన్నగారికి కూడా నేనే చెప్పుకుంటాను" అన్నాడు.

సోమవారం ప్యాసింజరు ప్రతి స్టేషనులోనూ ఆగింది. ఆగిన చోటల్లా కొండలరావు దిగి, గురువారం విమానం చూశారా అని అడిగాడు. పూళ్లలో మోత విన్నామన్నారు. భీమడోలులో పోర్టరు చెయ్యెత్తి దక్షిణానికి చూపించాడు. "తాడిచెట్టంత ఎత్తులో పోయిందండి. పొగలు కక్కుకుంటా కొల్లేటి మీదికి పోయింది. మావోళ్లందరం చూశామండి." దెందులూరులో ఎవరూ చూడలేదు. ఇంకేం అడగక్కర్లేకపోయింది.

ఏలూరు కచేరీలో హెడ్ గుమాస్తా విశ్వాసం గారని, తెల్లజుట్టాయన. వాళ్లు చెప్పింది విని కలం తీసి, సిరాలో ముంచి, రాయకుండా ఆగారు.

"అమ్మా, నేను రాసుకున్నానంటే ఇది రికార్డులోకి పోతుంది. తరవాత కొట్టెయ్యడానికి ఉండదు. మీ తమ్ముడూ ఆ దొరా చెప్పిన దారి తప్పారని మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. ఆలోచించుకోండి. కాసేపు బయట కూర్చుంటానంటే కూర్చోండి."

"కూర్చోలేనండీ. రాయండి" అంది రాజ్యం.

విమానం సంగతి చూడ్డానికి మద్రాసు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు దొర పక్కగదిలో ఉన్నాడు. గోడకి తగిలించిన పటంలో సముద్రం మీద ఎర్రపెన్సిలుతో గళ్లు గీసి ఉన్నాయి. విశ్వాసం గారు ఇంగ్లీషులో చెప్తుంటే దొర మొదట ఆమె వంక చూడనైనా లేదు. తరవాత ఒక ప్రశ్న వేశాడు.

"వాళ్లు అక్కడికి ఎందుకు వచ్చారని అడుగుతున్నారమ్మా."

"నేను రమ్మన్నాను. ఒకసారి కాదు, నాలుగు ఉత్తరాల్లో రాశాను."

"దానికి రుజువేమిటంటున్నారు."

తమ్ముడి ఉత్తరం రైకలో ఉంది. సముద్రం ఒడ్డమ్మట పోవాలని ఆర్డరు అని వాడి చేత్తో వాడే రాసుకున్న ఉత్తరం. అది బయటికి తియ్యకపోతే ఎవరో ఆడమనిషి ఏడుస్తూ ఏదో చెప్పిందనుకుని ఎర్రగళ్లలోనే వెతుకుతారు. తీస్తే వాడి మెడకి వాడి మాటే ఉరి. కొండలరావు ఆమె వంక చూశాడు. రాజ్యం ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. చెమటకి సిరా ఒక మూల అలుక్కుపోయింది.

విశ్వాసం గారు అది చదివి చెప్తున్నంతసేపూ దొర కిటికీ బయటికి చూశాడు. ఎర్రచీర దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. దొర ఉత్తరం ఫైలులో పెట్టి, ఏదో నాలుగు ముక్కలు అన్నాడు.

"టెలిగ్రాం ఇస్తారట. సముద్రం మీద వాళ్లని వెనక్కి పిలవాలి, పోలీసుల్ని పోగెయ్యాలి. ఎల్లుండికి మనుషులొస్తారట."

"ఎల్లుండా?" అంది రాజ్యం. అప్పటికే ఆమె గుమ్మంలో ఉంది.

కాలవ రేవులో కొల్లేటి వైపు పోయే పడవ కోసం చూస్తుంటే, చేపల గంపల దగ్గర గొడవ వినిపించింది. ఒక వర్తకుడు కొర్రమేనుల గంపని కాలితో తోస్తూ, "మూణ్ణాళ్ల నుంచీ ఇదే వాసన! కిరసనాయిల్లో కడిగి తెస్తున్నావా ఏంటి?" అని అరుస్తున్నాడు. గంప తెచ్చిన ఆడమనిషి కోపంగా ఏదో అంటోంది. కొండలరావు చటుక్కున వంగి ఒక చేపని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతని చెయ్యి అలాగే ఉండిపోయింది.

"రాజ్యం, ఇది కిరసనాయిలు కాదు. పెట్రోలు."

ఆ గంప మనిషి పేరు లక్ష్మమ్మ. కొల్లేటికోట. ఆమె మొగుడు సోమరాజు పడవలో కూర్చుని ఉన్నాడు. ముందు ఇద్దరూ ఏమీ తెలీదన్నారు. రాజ్యం లక్ష్మమ్మ రెండు చేతులూ పట్టుకుని, "అందులో మా తమ్ముడున్నాడమ్మా" అంది. లక్ష్మమ్మ మొగుడి వంక చూసింది. సోమరాజు తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆయ్, చూశామండి. గురువారం పొద్దున మా తలల మీదుగా పోయిందండి. అవతల కిక్కిస గడ్డిలో పక్షులన్నీ ఒక్కసారే లేచినియ్యి. విమానం ముందుకే పోయిందనుకున్నామండి. మర్నాటి నుంచి ఆ వైపు పెట్టిన మావు బుట్టల్లో పడ్డ చేప వాసనేసింది. అప్పుడు అనుమానం వచ్చిందండి. కానీ యుద్ధం సామాను ముట్టుకున్నా, దాని ఊసెత్తినా తీసుకుపోతారని మొన్న దండోరా వేశారు. ఎందుకొచ్చిందని నోరు మూసుకున్నామండి. మనుషులు బతికుంటారని తట్టలేదండి, అమ్మగారూ."

రాజ్యం లక్ష్మమ్మ చేతులు వదిలేసింది. నోరు మూసుకున్న మనుషులు పెంటపాడులో కూడా ఉన్నారు.

ఆ పూట కొల్లేటికోట చేరేసరికి పొద్దు గుంకింది. తెల్లారగానే రెండు తాటిదోనెల మీద బయలుదేరారు. ముందు దోనెలో సోమరాజూ రాజ్యమూ, వెనక దాంట్లో కొండలరావూ మరో జాలరీ. ఊరు దాటి కొంతదూరం పోయాక నీళ్ల మీద రంగురంగుల జిడ్డు తేలుతూ కనిపించింది. దాని వెంబడే కిక్కిసలోకి దూరారు. గడ్డి నిలువెత్తుకి మించి ఉంది. సోమరాజు గెడ వేస్తూ, ఒక చోట ఆపి, గెడతో గడ్డిని పక్కకి వంచాడు.

విమానం తోక పైకి లేచి ఉంది. ముందుభాగం సీటు దాకా బురదలోకి దిగిపోయింది. గుడ్డ చిరిగి రెక్కల బద్దలు బయటపడ్డాయి. రెండు సీట్లూ ఖాళీ.

"లేరు! బయటికొచ్చారండీ!" అని రాజ్యం దోనెలో లేచి నిలబడింది. దోనె ఊగిపోయింది.

"కూచోండమ్మా, కూచోండి. పడిపోతారు."

ఇరవై గజాల అవతల కిక్కిస విరిచి పరిచిన చోటు కనిపించింది. నీళ్ల మీద చాపలా, మనిషి పడుకునేంత మేర. దాని మీద పార్కర్ దొర పడుకుని ఉన్నాడు. తొడకి రెండు పక్కలా విమానం బద్దలు పెట్టి, చొక్కా చింపిన గుడ్డలతో కట్టి ఉంది. మొహం మీద పక్షులు వాలకుండా పచ్చిగడ్డి కప్పి ఉంది. ఆయన పోయి రెండు రోజులైనా అయి ఉంటుందన్నాడు సోమరాజు. రాజ్యం ఆ కట్టు వంక చూసింది. ముడి మీద ముడి వేసి, చివర లోపలికి దోపడం. చిన్నప్పుడు వాడికి చెప్పుల తాళ్లు కట్టడం నేర్పినప్పుడు అలాగే నేర్పింది ఆమె.

ఆ కిక్కిస పరుపు పక్కన తామరకాయల తొక్కలు కుప్పగా ఉన్నాయి. సోమరాజు వాటిని అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏంటి చూస్తున్నావు?" అన్నాడు కొండలరావు.

సోమరాజు కాసేపు నసిగాడు. "ఇవి నల్లబడినియ్యండి, గురువారానివో శుక్రవారానివో. ఇవి ఇంకా పూర్తిగా ఎండలేదు. ఆదివారం పొద్దున ఒలిచినవై ఉంటాయండి."

ఆదివారం. రాజ్యం స్టేషనులో నిలబడి బండి వెళ్లడం చూసిన రోజు.

నిత్యానందాన్ని మధ్యాహ్నానికి వెతికి పట్టుకున్నారు. దొర పోయాక ఊరి వైపు బయలుదేరినట్టున్నాడు. కుడిచెయ్యి విరిగి ఉంది. దాన్ని మెళ్లో గుడ్డకి తగిలించుకున్నాడు. ఒంటిచేత్తో ఈదబోతే నాచు పట్టుకుంటుంది, నడవబోతే బురద దింపేస్తుంది. కిక్కిస అంచు దాటి, ఊరి వైపు గడ్డి లేని నీళ్లలోకి వచ్చి, అక్కడ ప్రాణం వదిలాడు. సోమరాజు, ఊరి నుంచి వచ్చిన ఇంకో ఇద్దరు జాలర్లు నీళ్లలో దిగి మెల్లగా పైకి తీశారు. లక్ష్మమ్మ ఒడ్డున తన చీర ఒకటి ఆరేసి ఉంటే అది లాగి తెచ్చి కప్పింది. రాజ్యం వాడి జుట్టులో నాచు ఒక్కొక్క పోగూ తీసింది. ఎవరు చెప్పినా అక్కణ్ణుంచి లేవలేదు.

బుధవారం పొద్దున్నే పోలీసులూ, ఏలూరులో కనిపించిన ఆఫీసరు దొరా, విశ్వాసం గారూ వచ్చారు. ఆఫీసరు దొర పార్కర్ దొర కాలి కట్టు దగ్గర చాలాసేపు వంగి చూశాడు. టోపీ తీసి చంకన పెట్టుకున్నాడు. పార్కర్ దొరని ఏలూరు తీసుకుపోయారు. కాయితాల మీద ఎవరి తప్పని రాశారో రాజ్యానికి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. విశ్వాసం గారు పోతూ పోతూ, "మీ వాడు ఆయన్ని వదిలేసి మొదటి రోజే బయలుదేరి ఉంటే ఊరు చేరేవాడేమోనమ్మా. ఆ సంగతి కూడా రాయించాను" అన్నారు.

కొండలరావు మంగళవారమే వెనక్కి వెళ్లి, బుధవారం మధ్యాహ్నానికి మామగారిని తీసుకొచ్చాడు. వచ్చేటప్పుడు పడవ దిగుతూ భార్య చెవిలో, "విమానం పడిన రోజే పోయాడని చెప్పాను. నువ్వూ అలాగే చెప్పు. ముసలాయన తట్టుకోలేడు" అన్నాడు. రాజ్యం తల ఊపింది. అలాగే చెబ్దామనుకుంది.

జగ్గారావు గారు కొడుకు పక్కన కూర్చున్నారు. మొహం చూశారు, విరిగిన చెయ్యి చూశారు, మెళ్లో గుడ్డ చూశారు.

"పడినప్పుడే పోయినవాడు గుడ్డెలా కట్టుకున్నాడు?"

కొండలరావు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నీతోనే మాట్లాడుతున్నాను రాజ్యం. ఎన్నాళ్లున్నాడు?"

ఆయన కళ్లలోకి చూశాక అబద్ధం నోటికి రాలేదు. "ఆదివారం దాకా ఉన్నాడు నాన్నగారూ. దొరకి కాలు కట్టి, తామరకాయలు ఒలిచి పెట్టాడు. దొర పోయాక బయలుదేరాడు."

"టెలిగ్రాం శనివారం వచ్చింది" అన్నారాయన.

"నా ఉత్తరం అంతకు ముందే వెళ్లింది నాన్నగారూ. నేను రమ్మనకపోతే ఇటు వచ్చేవాడే కాదు."

జగ్గారావు గారు అది విన్నారో లేదో. వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నారు. శనివారం మధ్యాహ్నం, శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున. మళ్లీ మొదటికి వచ్చి మళ్లీ మడిచారు.

కొల్లేటి ఒడ్డునే దహనం చేశారు. కర్రలు జాలర్లు తెచ్చారు. అంతా అయ్యాక జనం ఇళ్లకి పోతుంటే జగ్గారావు గారు సోమరాజు దగ్గరికి వెళ్లి, "ఆ చోటు చూపించు బాబూ" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తాటిదోనె ఎక్కలేదు. రాజ్యం ముందు కూర్చుని ఆయన చేతిని తన భుజం మీద వేసుకుంది.

ఇంకా ఎండ ఉంది. కిక్కిస పరుపు దగ్గర సోమరాజు గెడ గుచ్చి దోనె ఆపాడు. జగ్గారావు గారు పరుపు చూశారు, తోక చూశారు, తరవాత వెనక్కి తిరిగారు. గడ్డి సందులోంచి కొల్లేటికోట ఇళ్లు కనిపిస్తున్నాయి. ఒక గుడిసె ముందు పొగ లేస్తోంది. ఎవరో వల దులుపుతున్నారు.

"ఇంత దగ్గరా!" అన్నారు. "మనుషులు కనపడుతున్నారు కదయ్యా. కేకేస్తే వినపడదా?"

"వినపడదండి. ఈ నెలంతా గాలి ఊరి మీంచి ఇటు కొడుతుందండి. ఇక్కడి కేక అటు పోదు. అక్కడ చంటిపిల్ల ఏడ్చినా ఇక్కడికి వినపడుద్దండి, ఆయ్."

జగ్గారావు గారు దోనె అంచు పట్టుకుని ఒక కాలు బయట పెట్టబోయారు. సోమరాజు గభాలున రెక్క పట్టుకున్నాడు. "దిగకండి బాబూ! నడుం దాకా దిగిపోతారండి." అప్పటికే మోకాలి దాకా దిగింది. ఇద్దరూ కలిసి లాగారు. ఆ బురద కాలితోనే ఆయన లేచి నిలబడ్డారు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని ఊరి వైపు తిరిగి పిలిచారు.

"ఓయ్! ఎవరండీ అక్కడ!"

వల దులిపే మనిషి తలెత్తలేదు.

ఇంకోసారి పిలిచారు, ఇంకా గట్టిగా. పక్షులు నాలుగు లేచి మళ్లీ కూర్చున్నాయి. గొంతు బొంగురుపోయింది. అయినా పిలుస్తూనే ఉన్నారు. సోమరాజు ఆపుదామని రాజ్యం వంక చూశాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపి, తను కూడా లేచి నాన్న పక్కన నిలబడింది. దోనె కాళ్ల కింద ఊగుతోంది. సోమరాజు గెడని ఇంకా లోతుకి గుచ్చి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.